సెల్లార్‌లో కారు, చేతిలో మూడు కొటేషన్లు

మంగళగిరిలో చేనేత బట్టల దుకాణంలో పద్దులు రాసే మనిషి ఒకడు. కృష్ణ దాటి విజయవాడ ఆటోనగర్‌లో కార్ల షెడ్డు నడిపే మనిషి ఇంకొకడు. మొదటివాడి అక్కను రెండోవాడికిచ్చారు. ఈ బావాబావమరుదులిద్దరూ నేను కల్పించినవాళ్లే. మూడు కొటేషన్లలోని అంకెలు, షెడ్డు బిల్లులు కూడా ఉదాహరణకు వేసుకున్నవి. చట్టం, థర్డ్ పార్టీ రేట్లు, వరద మాత్రం కల్పితం కాదు. కారు 1197 సీసీ పెట్రోలు బండి, ఏపీ 39 నంబరు, కొని నాలుగేళ్లు నిండాయి. ఇంతవరకు ఒక్క క్లెయిమ్ కూడా చేయలేదు. పాలసీ గడువు ఈ నెలలోనే తీరుతుంది. ఆదివారం భోజనాలయ్యాక వాదన మొదలైంది.

బావమరిది: ఇది చూడండి బావా. కారు ఒకటే, ఊరు ఒకటే, నడిపేది నేనే. షోరూం వాళ్లు 18,900 అంటున్నారు. మనకు తెలిసిన ఏజెంటు గారు 13,600 చెప్పారు. ఫోన్లో యాప్ 8,700 చూపిస్తోంది. ఇక ఆలోచించేదేముంది, యాప్‌లో కట్టేస్తున్నా.

బావ: కట్టేయ్. ఆ కాగితం ఒకసారి చదివి కట్టు.

బావమరిది: పద్దులు రాసేవాణ్ణి, చదవకుండా ఉంటానా? అందులో 3,416 థర్డ్ పార్టీది. వెయ్యి సీసీ దాటి పదిహేనొందల లోపున్న కారు ఏదైనా అంతే. 2022 జూన్ 1 నుంచి కేంద్రం పెట్టిన రేటు అది. వెయ్యి లోపైతే 2,094, పదిహేనొందలు దాటితే 7,897. ఏ కంపెనీకెళ్లినా రూపాయి తగ్గదు. మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం లేకపోతే కుదరదు. దొరికితే మొదటిసారి రెండు వేలు జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా ఉంది. దాని జోలికి నేను పోను. మన కారు కింద మనిషి పడితే కోర్టు ఎంత వేస్తుందో ఎవరికి తెలుసు? ఆ భారం నేను మోయలేను, కాబట్టి కడతాను. సొంత బండి దెబ్బలకు కట్టేది మాత్రం బేరం సరుకు. 2007 దాకా దానికీ టారిఫ్ ఉండేది. ఇప్పుడు ఎవరిష్టం వాళ్లది. అలాంటప్పుడు తక్కువకిచ్చేవాణ్ణి వదులుకోవడం దేనికి?

బావ: తక్కువకు ఏమిస్తున్నాడో చూశావా? ఐడీవీ, అంటే బండికి కట్టిన విలువ, ఎంత వేశాడు?

బావమరిది: 3,20,000.

బావ: ఏజెంటు?

బావమరిది: నాలుగు లక్షలు. షోరూం వాళ్లదీ అంతే.

బావ: నీ కారు షోరూం ధర ఎనిమిది లక్షలు. నాలుగేళ్లు దాటి ఐదులోపు బండికి యాభై శాతం తరుగు తీస్తారు. అంటే నాలుగు లక్షలు రావాలి. యాప్ వాడు ఇంకో ఎనభై వేలు కోసేశాడు. బండి దొంగలెత్తుకెళ్తే నీ చేతికొచ్చేది ఆ అంకే. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండి మొత్తం పోయినట్టే కడతారు, అప్పుడూ ఆ అంకే. ఎనభై వేలు కోసినందుకు నీకు ప్రీమియంలో ఎంత తగ్గిందో వెయ్, పద్దులవాడివి కదా.

బావమరిది కాగితం తీశాడు. నో క్లెయిమ్ బోనస్ 45 శాతం, కంపెనీ ఇచ్చిన డిస్కౌంటు, మీద 18 శాతం జీఎస్టీ అన్నీ వేసుకుంటే ఆ ఎనభై వేల మీద పడే ప్రీమియం పదకొండు వందలకు అటూ ఇటూ తేలింది. కాసేపు పెన్ను నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు.

బావమరిది: సరే, ఇది ఒప్పుకుంటాను. ఐడీవీ మార్చుకునే వీలు యాప్‌లోనూ ఉంది, పెంచుకుంటాను. అంతమాత్రాన యాప్ మోసమని కాదు.

బావ: మోసమని నేనెక్కడన్నాను? మొదటి అంకె చిన్నదిగా కనపడాలని వాడి తాపత్రయం. కింద ఇంకో గడి ఉంది చూడు. ఎదుటివాళ్ల ఆస్తి నష్టం ఆరు వేలకు పరిమితం అని టిక్కు పెట్టుందా?

బావమరిది: ఉంది. దానికి వంద రూపాయలు తగ్గింది.

బావ: మామూలుగా ఏడున్నర లక్షల దాకా కంపెనీ భరించాలి. వంద రూపాయల కోసం ఆరు వేలకు దించావు. రేపు బెంజి సర్కిల్లో ఎవరి కారు వెనకైనా గుద్దితే టెయిల్ ల్యాంపుకే చాలదది. ముందు ఆ టిక్కు తీసెయ్.

కొటేషన్ల మీద గొడవలు ఎక్కువగా ఇక్కడే తెగిపోవాలని నా అభిప్రాయం. ఐడీవీ, ఈ పరిమితి ఒక్కలాగా పెట్టకుండా రెండు మొత్తాలను పక్కపక్కన పెట్టి చూడటం వృథా. ఈ ఇంట్లో గొడవ తెగలేదు, పక్కకు మళ్లింది.

బావమరిది: మీరు ఎటు నడిపిస్తున్నారో నాకు తెలుసు. తరుగు కోయకుండా ఇచ్చే జీరో డెప్ తీసుకోమంటారు. బీమా ఉన్న బండి షెడ్డుకొస్తే బిల్లు ఎంతైనా బేరమాడేవాడుండడు. మీకు హాయి.

బావ: హాయే, కాదనను. నాకు హాయని నీకు నష్టమవుతుందా? మామూలు పాలసీలో ప్లాస్టిక్కు, రబ్బరు, టైర్లు, బ్యాటరీ ఏది మార్చినా సగమే ఇస్తారు. మన పానకాల స్వామి లెక్క. బిందెడు పానకం పోస్తే సగం తీసుకుని సగం ప్రసాదమని వదిలేస్తాడు చూడు, అదే. నీ బండి వయసుకు ఇనుప సామాను మీద కూడా 35 శాతం తరుగు. అద్దానికి ఒక్కదానికే తరుగు లేదు. కాజ టోల్‌గేటు దగ్గర ముందు భాగం గుద్దుకుని ఎనభై వేల బిల్లయిందనుకో. ప్లాస్టిక్ సామాను పాతిక వేలు, అందులో పన్నెండున్నర వేలు నీదే. ఇనుప సామాను పాతిక వేలు, అందులో 8,750. పెయింటింగ్ పది వేలు, దాంట్లో పాతిక శాతం రంగు ఖరీదని పట్టి దానిలో సగం కోస్తారు, అదో 1,250. లేబరు ఇరవై వేలకు కోత లేదు. మొత్తం కోత 22,500. తప్పనిసరి వెయ్యి ఎలాగూ ఉంది. జీరో డెప్ ఉంటే ఆ వెయ్యితో బయటపడతావు.

బావమరిది: దానికి ఏజెంటు గారు వేసింది 2,400. తొమ్మిదేళ్లు కడితే మీరన్న 22,500 దాదాపు తీరిపోతుంది. అంటే తొమ్మిదేళ్లకోసారి అంత పెద్ద దెబ్బ తగలాలి నాకు గిట్టాలంటే. నాలుగేళ్లలో నేను ఒక్క క్లెయిమ్ కూడా చేయలేదు. పైగా బండి దొంగతనమైతే, పూర్తిగా పోతే జీరో డెప్‌కు పనే లేదు, అప్పుడిచ్చేది ఐడీవీయే. ఇంకో ఏడాదో రెండేళ్లో పోతే చాలా కంపెనీలు అసలివ్వవు. ఇరవై రెండు వేలు నాకు నొప్పే, కానీ దివాలా తీయను. తట్టుకోలేని దానికి బీమా చేయాలి గానీ తట్టుకోగలిగిన దానికి ఎందుకు?

బావ: నీ జీతం, నీ పొదుపు నీకున్నాయి కాబట్టి ఆ మాటంటావు. నా దగ్గరకొచ్చేవాళ్లలో చాలామంది కారు వాయిదాలు కట్టుకుంటూ తిప్పేవాళ్లు. ఇరవై రెండు వేలు ఒక్కసారి తెమ్మంటే బండి నా షెడ్డులోనే నెలల తరబడి పడుంటుంది. వాళ్లకు జీరో డెప్ వద్దని చెప్పడానికి నాకు నోరు రాదు.

బావమరిది: వాళ్ల సంగతి వేరు, నేను నా సంగతి చెబుతున్నా. ఇంకోటి. చిన్న చిన్న గీతలకు క్లెయిమ్ చేయించేది ఎవరు? మీ షెడ్డులవాళ్లే. ‘సార్, ఇన్సూరెన్సులో పెట్టేద్దాం’ అంటారు. బంపరుకు, రంగుకు కలిపి 6,500 అయ్యిందనుకోండి. జీరో డెప్ ఉన్నా నాకొచ్చేది 5,500. ఒక్క క్లెయిమ్‌తో నా నో క్లెయిమ్ బోనస్ సున్నా అవుతుంది. క్లెయిమ్ చేయకపోతే వచ్చే ఏడు 50 శాతం వచ్చేది. చేస్తే సున్నా నుంచి మొదలెట్టి 20, 25, 35, 45 అంటూ మళ్లీ మెట్లెక్కాలి. యాభైకి చేరేలోపు ఏళ్ల తరబడి పోయేది కూడితే, బండి విలువ ఏటా తగ్గుతుందని పట్టుకున్నా ఏడెనిమిది వేలకు తక్కువుండదు. 5,500 కోసం ఎనిమిది వేలు!

బావ: అది నిజమే. చిన్న సొట్టకు క్లెయిమ్ వద్దని నేనూ చెబుతాను.

బావమరిది: అందరికీనా?

బావ జవాబు చెప్పలేదు. మజ్జిగ గ్లాసు అందుకున్నాడు. నాకు తెలిసినంతలో బోనస్ పోతుందని కస్టమరుకు ముందే చెప్పే షెడ్డు అరుదు. అసలు ఆ బోనస్ కారుది కాదు, మనిషిది. పాత కారు అమ్మి కొత్తది కొంటే దానికి బదలాయించుకోవచ్చు. గడువు తీరి తొంభై రోజులు దాటితే మాత్రం ఉన్నది కూడా పోతుంది. ఇది తెలియక పాత కారుతోపాటు బోనసునూ వదిలేసుకునేవాళ్లున్నారు.

బావ: జీరో డెప్ పక్కన పెట్టు. దానికంటే ముఖ్యమైనది యాప్ వాడి కాగితంలో లేనే లేదు. ఇంజన్ ప్రొటెక్ట్.

బావమరిది: వరదలకు మామూలు పాలసీ వర్తిస్తుందిగా. సొంత నష్టం కింద వరద, తుపాను, ముంపు అని రాసే ఉంటుంది.

బావ: రాసి ఉంటుంది. 2024 సెప్టెంబరు ఒకటో తారీకు, ఆదివారం. బుడమేరు డైవర్షన్ కాలువకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట మునిగాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజి దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, ఎన్నడూ లేనంత. గండ్లు పూడ్చడానికి సైన్యం దిగాల్సొచ్చింది, చివరిది మూసేసరికి వినాయక చవితి వచ్చింది. నీళ్లు తీశాక బళ్లు ఆటోనగర్‌కు తాళ్లు కట్టుకుని వచ్చాయి. నా దగ్గరకు ఒకే వీధిలో పక్కపక్క ఇళ్ల కార్లు రెండొచ్చాయి. రెండూ అద్దాల దాకా మునిగినవే. ఒకాయన బండిని ముట్టుకోలేదు. తాళం నా చేతికిచ్చి నువ్వే చూసుకో అన్నాడు. ప్లగ్గులు విప్పాను, సిలిండర్లలో నీళ్లు తోడాను, ఆయిలు పోసి తీసి, మళ్లీ పోసి తీశాను. సీట్లు, వైరింగు పోయాయి గానీ ఇంజను బతికింది. సర్వేయరొచ్చి చూశాడు, తరుగు పోను డబ్బులొచ్చాయి. రెండో ఆయన నీళ్లు చక్రాల కిందికి దిగగానే సెల్ఫ్ కొట్టాడు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. గాలి నొక్కితే నొక్కుకుంటుంది, నీళ్లు నొక్కుకోవు. లోపల కనెక్టింగ్ రాడ్డు వంగి బ్లాకు పగిలింది. సర్వేయరు హైడ్రోస్టాటిక్ లాక్ అని రాశాడు. ఇది వరద నేరుగా చేసిన నష్టం కాదు, తర్వాత జరిగిన నష్టం అన్నారు. ఇంజను ఖర్చు మొత్తం ఆయన జేబులోదే.

బావమరిది: అయితే మీరు చెప్పిన దానికి అర్థం ఏంటి? మునిగిన బండికి సెల్ఫ్ కొట్టొద్దు. అంతే కదా. ఆ మాటకు ఇంజన్ ప్రొటెక్ట్ అని నేను పదకొండు వందలు ఎందుకు కట్టాలి? ఉచితంగానే విన్నాను.

బావ: నిలబెట్టిన బండికి ఆ మాట సరిపోతుంది. నడిచే బండికి? వానలో అండర్‌పాస్‌లోకి దిగావు, మధ్యలో నీళ్లెంతున్నాయో తెలియదు, నడుస్తున్న ఇంజనే గాలితోపాటు నీళ్లూ పీల్చేస్తుంది. అక్కడ నువ్వు సెల్ఫ్ కొట్టేదేమీ లేదు. ఆ వానల్లో కాజ టోల్‌గేటు దగ్గర హైవే మీదే నీళ్లు నిలిచాయి, మర్చిపోయావా?

బావమరిది: అప్పుడు కంపెనీ, నువ్వే తెలిసి నీళ్లలోకి తోలావు అనదా?

బావ: అంటే అంటుంది. ఆగిపోగానే ఆపేసి, టోయింగు పిలిచి, వెంటనే చెప్పాలి. ఆగిన బండిని మళ్లీ మళ్లీ స్టార్ట్ చేస్తే ఇంజన్ ప్రొటెక్ట్ ఉన్నా పేచీ పెడతారు. షరతులు లేని కవరు ఏదీ లేదు.

బావమరిది: షరతులున్న కవరు, ఎన్నడో వచ్చే వరద. అదీ బుడమేరుది, కృష్ణకు ఆ ఒడ్డున. మేముండేది ఈ ఒడ్డున, కొండ కింద. మంగళగిరికి కృష్ణ రాదు, బుడమేరు రాదు. ఉన్న కొండవీటి వాగు ఉండవల్లి వైపు పోతుంది, దానికి అక్కడ ఎత్తిపోతల పంపులు పెట్టారు. విజయవాడ భయాన్ని నా ప్రీమియంలో కలుపుతానంటే ఎలా?

వంటింట్లో గిన్నెలు సర్దుతున్న అక్క ఇక్కడ బయటికొచ్చింది.

అక్క: ఒరే, నీ కారు రాత్రిళ్లు ఎక్కడ పెడతావు?

బావమరిది: అపార్టుమెంటు సెల్లార్‌లో.

అక్క: సెల్లార్ రోడ్డు కంటే ఎత్తా, పల్లమా?

బావమరిది: సెల్లారన్నాక పల్లమే ఉంటుంది. మోటారుంది కదా, నీళ్లొస్తే తోడేస్తుంది.

అక్క: గట్టి వానొచ్చినప్పుడు కరెంటు ఉంటుందా?

బావమరిది: ... అయినా నిలబెట్టిన బండే కదా. సెల్ఫ్ కొట్టొద్దని బావే అన్నారు. కొట్టను.

అక్క: కొట్టవా? అర్ధరాత్రి వాచ్‌మన్ తలుపు కొట్టి ‘సార్, సెల్లార్‌లోకి నీళ్లొస్తున్నాయి’ అంటాడు. నువ్వు లుంగీ ఎగ్గట్టి కిందికి పరిగెత్తుతావు. మోకాళ్ల నీళ్లలో దిగి, పైకి తీసేద్దామని స్టార్ట్ చేస్తావు. నీ సంగతి నాకు తెలీదా? నాలుగు లక్షల బండి కళ్ల ముందు మునుగుతుంటే లెక్కలు గుర్తుకు రావు. ఆ నీళ్లలో కరెంటు తీగలుంటాయో, ఏముంటాయో. బండి పోతే డబ్బులొస్తాయని తెలిస్తే నువ్వు పైనే ఉంటావు. మీరిద్దరూ ఇందాకటి నుంచి ఇంజను గురించే మాట్లాడుతున్నారు.

బావమరిది కాగితం మీద ఏదో రాసి కొట్టేశాడు. ఇంజన్ ప్రొటెక్ట్‌కు ఇదివరకు నేను విన్న సమర్థనలన్నీ ఖరీదు మీద నడిచేవి, ఇంజను ఇంత, ప్రీమియం అంత అని. ఆ దారిలో పోతే బావమరిది వాదనకు బలముంది, దెబ్బ తగిలే అవకాశం తక్కువ. అక్క అడిగింది మనిషి ఆ రాత్రి ఏం చేస్తాడని. నాకు ఆమె పక్షమే నచ్చింది. కంపెనీ కారు రిజిస్టరైన చోటును బట్టి రేటు వేస్తుంది. హైదరాబాద్, చెన్నై లాంటి ఎనిమిది మహానగరాలు ఒక జోను, మిగతా దేశమంతా ఇంకో జోను. మంగళగిరిలోనే ఒక కారు మిద్దె కింద మెరక మీద, ఇంకోటి సెల్లార్‌లో ఉంటాయన్న సంగతి ఆ లెక్కకు పట్టదు. ఇంజన్ ప్రొటెక్ట్ లాంటి వాటికి పెట్టిన యాడ్ ఆన్ అనే గడి ఓనరుకు వదిలేశారు కాబట్టి, ఆ తేడాను ఓనరే పట్టించుకోవాలి.

బావ: విన్నావుగా. ఇంకో ముక్క చెబుతా. సింగ్‌నగర్‌లో బళ్లు పోగొట్టుకున్నవాళ్లలో చాలామంది ‘మాకు ఐదేళ్ల ఇన్సూరెన్సుందండీ’ అంటూ కాగితాలు పట్టుకొచ్చారు. కొత్త బైకుకు ఐదేళ్లు, కొత్త కారుకు మూడేళ్లు ఒకేసారి కట్టించుకుంటున్నారు కదా. సుప్రీంకోర్టు చెబితే 2018 సెప్టెంబరు నుంచి వచ్చిన పద్ధతి. అది థర్డ్ పార్టీకి. సొంత నష్టానిది చాలామందికి మొదటి ఏడాదే, తర్వాత రెన్యువల్ చేయించుకోవాలి. అది ఎవరికీ తెలియదు. కంపెనీ ఇవ్వనంది. ప్రభుత్వమే బైకుకు మూడు వేలు, ఆటోకు పది వేలు సాయమని ప్రకటించింది. మూడు వేలకు బైకు ఇంజను విప్పడం కూడా కాదు.

బావమరిది: నా స్కూటర్ కొని రెండేళ్లయింది...

బావ: అదే చెప్తున్నా. అదెక్కడ పెడతావు?

బావమరిది: సెల్లార్‌లోనే.

దీని మీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత చర్చ షోరూం కాగితం మీదికి పోయింది, అది తొందరగానే తేలింది. తాళం పోతే కవరు, టైరు కవరు, కారులోని సామాను కవరు, రోడ్డు మీద సాయం, బోనస్ రక్షణ, జీరో డెప్, ఇంజను, అన్నీ ఒకే మూటగా కట్టారు, విడదీయడం కుదరదన్నారట. తాళం కవరు గురించి బావ అన్న మాట ఇక్కడ రాయదగ్గది కాదు.

బావమరిది: బయట చేయిస్తే క్యాష్‌లెస్ రాదని షోరూం అబ్బాయి అన్నాడు.

బావ: వాడి దగ్గర కొన్నావా, ఏజెంటు దగ్గర కొన్నావా అన్నదానికీ క్యాష్‌లెస్‌కూ సంబంధం లేదు. ఆ కంపెనీకి, ఆ వర్క్‌షాపుకు ఒప్పందం ఉండాలి, అంతే. డీలరు తన దగ్గరే ఇన్సూరెన్సు చేయించుకోమని బలవంతపెట్టకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2017లోనే రూల్సు పెట్టింది. ఆ ఆఫీసు ఎక్కడో కాదు, హైదరాబాద్‌లోనే ఉంది.

బావమరిది: మీ షెడ్డుకు ఒప్పందముందా?

బావ: లేదు. నా దగ్గర నువ్వు డబ్బు కట్టి, బిల్లు పెట్టి తెచ్చుకోవాలి.

బావమరిది: మరి ఇందాకటి నుంచి షోరూంను తిడుతుంటే మీ పోటీ అనుకున్నా.

బావ: పోటీయే. అయినా నేను చెప్పిన రూలు అబద్ధం కాదు.

బావమరిది: సరే, ఒకటి నేను పట్టుకున్నా. ఓనరు-డ్రైవరు ప్రమాద బీమా, పదిహేను లక్షలది. స్కూటర్ పాలసీలో కట్టాను, కారు పాలసీలోనూ వేశారు. 2019 నుంచి ఒక మనిషికి ఒకటుంటే చాలు. ఏజెంటు గారు అడగకుండానే కలిపేశారు. నాలుగొందలు తగ్గుతాయి.

అక్క: మరదలు నడిపినప్పుడు?

బావ: ఆ పదిహేను లక్షలు కాగితంలో పేరున్న ఓనరుకే. చెల్లాయి స్టీరింగు పట్టుకుంటే ఆమెకు రాదు.

అక్క: మరి రోజూ పిల్లల్ని తీసుకెళ్లేది ఆమే కదరా.

బావమరిది: ఆమెకు విడిగా ప్రమాద బీమా తీసుకుంటాను. అది కారుకు తగిలించడం కంటే నయం. బస్సులో పోయినా, స్కూటర్ మీద పోయినా వర్తిస్తుంది.

ఈ ఒక్క విషయంలో ముగ్గురూ ఒక మాట మీదికొచ్చారు. బావమరిది కొత్త కాగితం తీసి రెండు కొటేషన్లనూ ఒకే కొలతకు తెచ్చాడు. యాప్‌ది 8,700. ఐడీవీ నాలుగు లక్షలకు పెంచితే 1,100 ఎక్కింది. ఆస్తి నష్టం టిక్కు తీస్తే జీఎస్టీతో 118. ఇంజన్ ప్రొటెక్ట్ 1,100. ఇంజను విప్పితే ఆయిలు, కూలెంటు, బోల్టుల ఖర్చు పాలసీలో రాదు కాబట్టి కన్జ్యూమబుల్స్ 300. ప్రమాద బీమా తీసేస్తే 400 తగ్గింది. తేలింది 10,918. ఏజెంటు గారిది 13,600. ఇంజను కవరు అందులో ఉన్నదే. జీరో డెప్ 2,400, ప్రమాద బీమా 400 తీసేసి 300 కలిపితే 11,100.

బావమరిది: అయిదు వేల తేడా 182 రూపాయలకు దిగింది.

బావ: ఆ 182కి అర్ధరాత్రి ఫోనెత్తే మనిషున్నాడు.

బావమరిది: ఎత్తుతాడని మీకెలా తెలుసు?

బావ: వరదప్పుడు ఎత్తాడు. సర్వేయరును వెంటబెట్టుకుని నా షెడ్డుకొచ్చాడు.

బావమరిది: అయితే ఆయనకే కడతా. స్కూటర్‌కు కూడా సొంత నష్టం ఎంతవుతుందో అడుగుతా. జీరో డెప్ మాత్రం వద్దు.

బావ: జీరో డెప్ ఒక్కటీ వేయించు, నా మాట విను. ఇంకో ఏడాదే ఇస్తారు నీ బండికి.

బావమరిది: వద్దు బావా. ఆ 2,400 విడిగా దాచుకుంటా.

బావ: దాస్తావా? రాసిస్తావా?

బావమరిది: రాసిస్తా. ఖాతా తెరిచి మరీ రాస్తా.

బావ: రేపు బంపరు ఊడి చేత్తో పట్టుకుని నా షెడ్డుకొస్తావు చూడు.

బావమరిది: వస్తా. డబ్బులిచ్చే చేయించుకుంటా, క్లెయిమ్ చేయను.

బావ: బిల్లు ఎంతైతే అంత ఇస్తావా?

బావమరిది: ఎలా ఇస్తాను? బావమరిదిని కదా.